సీటు వెనుక పెట్రోలు: పాత పికప్ ట్రక్కులో ఇంధనపు ట్యాంకుకు స్థానచలనం

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలలో కొందరికి పదహారవ ఏడు రాగానే మనసు పాత వాహనాల మీదికి మళ్ళుతుంది. తండ్రి వచ్చిన నాటి నుండి నమ్మకమైన జపాను కారు తప్ప వేరొకటి ఎరుగడు. కుమారుడు మాత్రం వేసవి ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బుతో, ఏ పొలం గట్టునో తుప్పుపట్టి పడివున్న 1970 నాటి షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కును కొని, మరొకరి ట్రెయిలర్ మీద ఎక్కించి ఇంటికి తెస్తాడు. దానిని చూసి తల్లి అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఇంత పెట్రోలు వాసనేమిట్రా?" అనే. ఆ ప్రశ్నకు సమాధానం సీటు వెనుక ఉన్నది.

1972 వరకు తయారైన షెవ్రొలే, జి.ఎం.సి. పికప్ ట్రక్కులలో ఇంధనపు ట్యాంకు ముందరి గదిలోనే, అనగా డ్రైవరు కూర్చునే క్యాబ్ లోపల, సీటుకూ వెనుక అద్దానికీ నడుమ నిలువుగా నిలబడి ఉండేది. ఆ కాలపు ఫోర్డు ఎఫ్-100 ట్రక్కులదీ అదే తీరు. దానిలో సుమారు 20 గాలన్లు, అనగా 76 లీటర్ల పెట్రోలు పడుతుంది. బరువు 56 కిలోలు. లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి వెలువడుతుంది గనుక నిండిన ట్యాంకులో దాగివున్న శక్తి దాదాపు 2,400 మెగాజౌళ్ళు. స్వదేశంలో వంటింటికి వచ్చే 14.2 కిలోల గ్యాసు సిలిండర్ల లెక్కన చెప్పుకుంటే దాదాపు నాలుగు సిలిండర్లు. వాటిని వీపుకు ఆనించుకుని ఒక తరం అమెరికా రైతులు పొలాలకూ, బజారుకూ తిరిగారు.

అంతమాత్రాన ఆ ట్రక్కులను రూపొందించిన ఇంజనీర్లు తెలివి తక్కువవారని అనుకోరాదు. క్యాబ్ వెనుక గోడకు ఆవల సామాను పెట్టె మొత్తం ఉన్నది. వెనుక నుండి ఏ వాహనం వచ్చి గుద్దినా ఆ దెబ్బ ట్యాంకును చేరడానికి ముందు ఆరేడు అడుగుల ఇనుము నలగాలి. పొలాలలో రాళ్ళు, మోళ్ళు తగిలి చిల్లులు పడే భయమూ లేదు. పైగా ట్యాంకు ఎత్తున ఉన్నందువల్ల పెట్రోలు తన బరువుతో తానే ఇంజనులోని పంపు వైపు దిగివస్తుంది. బజాజ్ స్కూటరు నడిపిన పెద్దలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. దానికి అసలు పంపే లేదు. పెట్రోలు అడుగంటినప్పుడు రిజర్వు మీట తిప్పి, అదీ అయిపోతే స్కూటరును ఒక పక్కకు వంచి, మిగిలిన నాలుగు చుక్కలతో బంకు దాకా చేరుకున్న అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది.

మరి దానిని కదిలించడం ఎందుకు? మొదటి కారణం వాసన. యాభై ఏళ్ళు దాటిన రబ్బరు గొట్టాలు, బిరడాలు, మూత కింది వాషర్లు బీటలు వారి ఆవిరిని ఆపలేవు. ఆ ఆవిరిలో బెంజీను ఉంటుంది. అది రక్త క్యాన్సరుకు కారణమవుతుందని నిర్ధారణ అయిన పదార్థం. రెండవది చోటు. ఆరడుగుల కుర్రవాడు ఆ సీటులో మోకాళ్ళు ముడుచుకొని కూర్చోవలసిందే. ట్యాంకు తీసివేస్తే సీటు కొంత వెనుకకు జరుగుతుంది. మూడవది, పిల్లలు పైకి చెప్పని కారణం, అక్కడ పెద్ద స్పీకర్లు పెట్టుకోవచ్చు.

ఈ తరహా ట్రక్కులను చాలామంది నాలుగు నుండి ఆరు అంగుళాలు కిందికి దించుతారు. ముందు చక్రాలకు మార్చిన స్పిండిళ్ళు, వెనుక పొట్టి స్ప్రింగులు వేస్తారు. బండి నేలను ఆనుకుని సాగుతున్నట్లు కనిపించడమే అందులోని అందం. మనవారిలో పెద్దలకు ఇది వింతగానే తోస్తుంది. గుంటల రోడ్ల మీద బండి ఎంత ఎత్తుంటే అంత మేలని పెరిగిన తరం అది. ఏమైనా, అలా దించిన బండిలో ట్యాంకును చట్రం కిందికి మార్చాలంటే లెక్క మారిపోతుంది. ఎక్కడ చూసినా అంగుళాలకు కరవు.

ఏ చోటు మంచిది?

ట్యాంకుకు మూడు చోట్లు తోస్తాయి. చట్రపు దూలాలకు వెలుపల, పక్కన. వెనుక ఇరుసుకు ముందు, దూలాల మధ్య. ఇరుసుకు వెనుక, దూలాల మధ్య, అనగా పూర్వం స్పేర్ టైరు వేలాడిన చోట.

మొదటిదానికి చరిత్ర ఉన్నది. 1973 నుండి జనరల్ మోటార్స్ సంస్థ తన పెద్ద పికప్ ట్రక్కులలో ట్యాంకును క్యాబ్ నుండి తీసి చట్రానికి వెలుపల, పక్కన అమర్చింది. 1987 వరకు ఆ పద్ధతే సాగింది. పక్క నుండి మరో వాహనం గుద్దితే ట్యాంకుకూ ఆ వాహనానికీ మధ్య పలుచని రేకు తప్ప అడ్డమేమీ ఉండదు. 1992 నవంబరులో ఒక జాతీయ టెలివిజన్ కార్యక్రమం దీనిపై కథనం ప్రసారం చేసింది. నిప్పు తప్పక అంటుకునేలా ట్రక్కు కింద చిన్న రాకెట్లు అమర్చిన సంగతిని ప్రేక్షకులకు చెప్పలేదు. సంగతి బయటపడి 1993 ఫిబ్రవరిలో బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అదే నెలలో అట్లాంటాలో ఒక జ్యూరీ, అటువంటి ట్రక్కులో మంటలకు బలియైన యువకుని తల్లిదండ్రులకు 10 కోట్ల డాలర్లకు మించిన పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 1994లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికా రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఆ అమరికలో భద్రతా లోపం ఉన్నదని ప్రకటించగా, డిసెంబరులో సంస్థ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా రహదారి భద్రతా కార్యక్రమాలకు ఇచ్చేలా రాజీ కుదిరింది. ట్రక్కులను మాత్రం వెనుకకు పిలిపించలేదు. టెలివిజన్ చేసిన మోసం ఒకటి, ట్యాంకు ఉన్న చోటులోని దోషం మరొకటి. మొదటిది బయటపడినంత మాత్రాన రెండవది మాసిపోదు.

రెండవ చోటు, ఇరుసుకు ముందరిది, భద్రత దృష్ట్యా ఉత్తమం. కొత్త ట్రక్కులలో ట్యాంకు ఎక్కువగా అక్కడే, వెనుక చక్రాలకు ముందు ఉంటుంది. కాని సి-10లో అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు, ఇరుసును పట్టివుంచే రెండు పొడవాటి ఇనుప బాహువులు, పొగగొట్టం ఉన్నాయి. వాటి నడుమ 76 లీటర్ల పాత్రకు చోటు దొరకదు. అందువల్ల నూటికి తొంభై మంది మూడవ చోటునే ఎంచుకుంటారు. అదే కంపెనీ బ్లేజర్ వాహనాల ట్యాంకు అక్కడ చక్కగా అమరుతుందని చాలామంది దానిని వాడతారు. మరికొందరు పల్చగా ఉండే పాత మస్టాంగ్ కారు ట్యాంకును గాని, దూలాల మధ్యకు సరిపోయేటట్లు తయారైన అల్యూమినియం ట్యాంకును గాని తెచ్చుకుంటారు.

ఇక్కడా జాగ్రత్త అవసరమే. 1970లలో ఫోర్డు పింటో కారు ట్యాంకు సరిగ్గా ఇటువంటి చోటనే, వెనుక ఇరుసుకూ బంపరుకూ నడుమ ఉండేది. వెనుక దెబ్బకు ట్యాంకు ముందుకు నెట్టుకుపోయి ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ బోల్టులకు గుచ్చుకునేది. 1978లో ఫోర్డు సంస్థ దాదాపు 15 లక్షల పింటో, బాబ్‌క్యాట్ కార్లను వెనుకకు పిలిపించి ట్యాంకుకూ ఇరుసుకూ మధ్య పాలిథీన్ కవచం బిగించి, పెట్రోలు పోసే గొట్టాన్ని మార్చవలసి వచ్చింది. పికప్ ట్రక్కులో ట్యాంకుకు రెండు వైపులా గట్టి ఉక్కు దూలాలు ఉండడం పింటోకు లేని సౌకర్యం. అయినా ట్యాంకు ముందరి అంచుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఖాళీ ఉంచాలి. వెనుక అంచును బంపరుకు ఆనించకుండా దూలాల చివరి అడ్డపట్టీకి ముందే నిలపాలి. అడ్డపట్టీ లేకపోతే వేయించుకోవాలి.

దించిన బండిలో మరో చిక్కు ఉన్నది. స్ప్రింగులు పొట్టివి కావడంతో గుంటలో పడినప్పుడు ఇరుసు పైకి లేచి చట్రానికి కొట్టుకుంటుంది. దానికోసం దూలాన్ని సగం చంద్రుని ఆకారంలో కోసి, ఆ చుట్టూ మందపు ఉక్కు పట్టీ వెల్డింగు చేస్తారు. ఈ కోత దగ్గర ఇరుసు ఎంత పైకి వస్తుందో, షాక్ అబ్సార్బర్లు ఏ కోణానికి మళ్ళుతాయో చూడకుండా ముందే ట్యాంకు బిగిస్తే తరువాత రెండూ తగులుకుంటాయి. సరియైన క్రమం ఏమిటంటే, స్ప్రింగు తీసివేసి, ఇరుసును జాకీతో పూర్తిగా పైకి లేపి, ఆ స్థితిలో అన్ని వైపులా ఖాళీ కొలుచుకోవాలి. తరువాతనే ట్యాంకు. కింది హద్దుకు కూడా ఒక సూత్రమున్నది. టైరులో గాలి పూర్తిగా పోయి బండి చక్రపు ఇనుప అంచు మీదికి దిగినట్లు ఊహించి, ఒక వైపు అంచు అడుగు నుండి ఎదుటి వైపు టైరు అడుగుకు దారం లాగితే, ఆ దారానికి కిందుగా బండిలోని ఏ భాగమూ దిగరాదు. ట్యాంకు దిగితే, టైరు పేలిన రోజున అది రోడ్డు మీద రాసుకొని నిప్పురవ్వలు లేస్తాయి.

కావడి లెక్క

బరువు ఏ చక్రాల మీద పడుతుందన్నది కావడి మోసినవారికి తెలిసిన విద్యే. పొట్టి పెట్టె సి-10లో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 115 అంగుళాలు, అనగా 2.92 మీటర్లు. పాత చోట ట్యాంకు వెనుక ఇరుసుకు 1.3 మీటర్లు ముందున్నదనుకుంటే, నిండు ట్యాంకులోని 56 కిలోలలో 31 కిలోలు వెనుక చక్రాలు, 25 కిలోలు ముందు చక్రాలు మోస్తాయి. కొత్త చోట అది ఇరుసుకు 0.9 మీటర్లు వెనుక ఉన్నదనుకుంటే వెనుక చక్రాల మీద 73 కిలోలు పడతాయి. ఉన్న బరువు 56 కిలోలైతే 73 ఎక్కడివి? మిగిలిన 17 కిలోలూ ముందు చక్రాల మీది నుండి లేచి వచ్చినవి. తులాదండం చివర కూర్చున్న పిల్లవాడు ఎదుటివాణ్ణి లేపినట్లే. ఖాళీ పికప్‌కు వెనుక భాగం ఎప్పుడూ తేలిక గనుక ఈ మార్పు వానలో చక్రాలు జారకుండా కొంత మేలే చేస్తుంది. కాని వెనుక స్ప్రింగులను ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు సరిచూసి సంతోషపడితే, బంకు నుండి బయటికి వచ్చేసరికి బండి మరో అరంగుళం కూర్చుంటుంది.

నిండుకుండ తొణకదన్నారు. సగం నిండిన ట్యాంకు మాత్రం తొణుకుతుంది, మలుపులో ఇరవై, ముప్పై కిలోల ద్రవం ఒక్కసారి పక్కకు పరుగెడుతుంది. పంపు నోరు క్షణకాలం గాలిలో తేలి ఇంజను ఎక్కిళ్ళు పెడుతుంది. లోపల అడ్డపలకలున్న ట్యాంకును కొనడం ఇందుకే.

బావి, మోటారు, ఆవిరి

ట్యాంకును వెనుకకు, కిందికి మార్చాక పెట్రోలు తనంతట తాను ఇంజను దాకా రాదు. ఇంజనుకు బిగించిన పాత యాంత్రిక పంపు పది అడుగులకు పైగా దూరం నుండి దానిని పీల్చాలి. పీల్చడమంటే నిజానికి లాగడం కాదు. పంపు తన దగ్గర పీడనం తగ్గిస్తుంది, ట్యాంకులోని ద్రవాన్ని వాతావరణ పీడనం వెనుక నుండి నెడుతుంది. బావి గట్టున పెట్టిన మోటారు పాతిక అడుగుల లోతు దాటితే నీరు తోడలేకపోవడానికి కారణం ఇదే. నీటిమట్టం దిగినకొద్దీ మన రైతులు మోటారును బావిలోకి దించుతూ పోయారు, చివరకు నీటిలోనే మునిగి పనిచేసే మోటార్లు వచ్చాయి.

పెట్రోలుకు ఈ హద్దు ఇంకా దగ్గర. వేసవి పెట్రోలు ఆవిరి పీడనం 38 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 62 కిలోపాస్కళ్ళు ఉంటుంది. సముద్రమట్టంలో వాతావరణ పీడనం 101. అనగా పీల్చుకోవడానికి మిగిలిన వెసులుబాటు 39 మాత్రమే. మైలు ఎత్తున ఉన్న డెన్వరు నగరంలో వాతావరణ పీడనం 83కు దిగుతుంది, వెసులుబాటు 21 అవుతుంది. ఇక ఇంధనపు గొట్టం పొగగొట్టం పక్కగా సాగి 55 డిగ్రీలకు వేడెక్కితే ఆ పెట్రోలు గొట్టంలోనే మరగడం మొదలుపెడుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు గాని బుడగలను నెట్టలేదు. వేసవి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిచిన బండి మళ్ళీ కదలకపోవడం, పది నిముషాలు బానెట్ ఎత్తి నిలబెడితే ఏమీ జరగనట్లు బయలుదేరడం ఈ ఆవిరి ఆటంకపు లక్షణం.

దీనికి మందు మన రైతు కనిపెట్టినదే. పంపును ట్యాంకు దగ్గరకు, వీలైతే ట్యాంకు లోపలికి మార్చాలి. విద్యుత్ పంపు వెనుక నుండి నెడుతుంటే గొట్టమంతటా పీడనం వాతావరణం కంటె హెచ్చుగానే ఉంటుంది, మరుగు స్థానమూ పెరుగుతుంది. కార్బ్యురేటర్ ఉన్న ఇంజనుకు చదరపు అంగుళానికి ఐదారు పౌన్ల పీడనం చాలు. కొత్త ఇంజను దించి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టుకుంటే 58 పౌన్ల దాకా కావాలి. మొదటిదాని కోసం చేసిన గొట్టాన్ని రెండవదానికి వాడరాదు. గొట్టం మీద ముద్రించిన సంఖ్య చూడాలి. ఎస్.ఎ.ఇ. 30 ఆర్ 7 అన్నది తక్కువ పీడనానికి, 30 ఆర్ 9 ఇంజెక్షన్‌కు, 30 ఆర్ 10 ట్యాంకులో మునిగి ఉండే ముక్కకు. 30 ఆర్ 9 గొట్టాన్ని పెట్రోలులో ముంచితే దాని వెలుపలి రబ్బరు కొద్ది నెలలలో ఉబ్బి మెత్తబడిపోతుంది. విద్యుత్ పంపుకు మరో గుణమున్నది. ప్రమాదంలో ఇంజను ఆగినా, గొట్టం తెగినా, కరెంటు ఉన్నంతవరకు అది పెట్రోలును రోడ్డు మీద పోస్తూనే ఉంటుంది. కుదుపుకు తెగిపోయే స్విచ్చి గాని, ఇంజను ఆయిలు పీడనం పడిపోగానే పంపును ఆపే స్విచ్చి గాని తప్పక ఉండాలి. ఇరవై, ముప్పై డాలర్లు మిగులుతాయని దానిని వదిలివేయడం క్షమించరాని లోభం.

పోసే దారి, ఊపిరి దారి

పాత మూత క్యాబ్ పక్కన ఉన్నది. కొత్తదానిని కొందరు సామాను పెట్టె చెక్క అడుగులో చిన్న తలుపు కింద దాస్తారు, కొందరు వెనుక నంబరు పలక చాటున పెడతారు. ఎక్కడైనా గొట్టం ట్యాంకు వైపు నిరాటంకంగా వాలి ఉండాలి. దానితోపాటు సన్నని మరో గొట్టం ట్యాంకు పైభాగం నుండి మూత దగ్గరకు రావాలి. పెట్రోలు లోపలికి పోతున్నప్పుడు గాలి బయటికి రావడానికి అది దారి. అది లేకపోతే బంకులో ముక్కు మాటిమాటికీ టక్కున ఆగిపోతుంది. ఆ ముక్కు చివర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు వేగంగా పారుతుండగా ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పీల్చబడుతుంది. నురుగో, ద్రవమో వచ్చి రంధ్రాన్ని మూస్తే గాలి ఆగి, లోపల పీడనం పడిపోయి, ఒక పొర కదిలి మీటను విడిపిస్తుంది. ట్యాంకు నిండకపోయినా గొట్టంలో నురుగు నిలిస్తే యంత్రానికి నిండినట్లే లెక్క.

ట్యాంకు అంచు దాకా నింపే అవకాశం ఉండకూడదు. పెట్రోలు ఒక్కొక్క డిగ్రీకి వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. భూగర్భ తొట్టి నుండి చల్లగా వచ్చిన 76 లీటర్లు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు లీటరున్నర పెరుగుతుంది. ఆ లీటరున్నరకు పైన చోటు లేకపోతే అది నేల మీదికి వస్తుంది. ఊపిరి గొట్టం చివరను గాలికి వదిలివేయకుండా బొగ్గు డబ్బాకు కలపడం మేలు. అమెరికాలో 1971 నుండి కార్లన్నింటికీ పెట్రోలు ఆవిరిని అదుపు చేసే ఇటువంటి ఏర్పాటు వచ్చింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఈ బొగ్గు ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది. రాత్రంతా ఆ గోడలకు అంటుకున్న ఆవిరిని పగలు ఇంజను పీల్చి మండించుకుంటుంది. తల్లికి ఫిర్యాదు లేకుండా పోయేది ఈ డబ్బా పెట్టిన తరువాతనే.

లోహం సంగతి కూడా చూడాలి. పాత ట్యాంకులు సీసము, తగరము కలిసిన పూత వేసిన ఉక్కువి. ఇప్పుడు అమెరికా పెట్రోలులో సాధారణంగా పదింట ఒక వంతు ఇథనాలు ఉంటున్నది. ఇథనాలు నీటిని పిలుచుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర నూటికి అర వంతు నీరు చేరేవరకు అంతా కలిసే ఉంటుంది. అంతకు మించితే, లేదా చలికి ఆ హద్దు తగ్గితే, నీరూ ఇథనాలూ చేయి కలిపి అడుగుకు దిగిపోతాయి. పంపు నోరు ఉన్నదీ అడుగుననే. చలికాలమంతా షెడ్డులో పడివుండే బండికి ఈ బెడద ఎక్కువ. అల్యూమినియం ట్యాంకును ఉక్కు పట్టీల మీద నేరుగా కూర్చోబెట్టరాదు. రెండు లోహాల నడుమ ఉప్పు నీరు చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. పట్టీ కింద రబ్బరు వేయాలి. ఫెల్టు గుడ్డ వేస్తే అది తడిని పట్టి ఉంచుతుంది.

ఖాళీ ట్యాంకు

అన్నింటికంటె ప్రమాదకరమైనది నిండిన ట్యాంకు కాదు, ఖాళీ ట్యాంకు. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క సులభమే. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి 1.4 వంతుల నుండి 7.6 వంతుల వరకు ఉన్నప్పుడే మండుతుంది. ద్రవం నిలిచివున్న ట్యాంకులో, సాధారణ ఉష్ణోగ్రతలో, పైభాగాన ఆవిరి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. మండడానికి అక్కడ గాలి చాలదు. అదే ట్యాంకును వంచి, ఒంపి, ఖాళీ అయినదనుకుని ఎండలో పెడితే? 76 లీటర్ల గాలిలో 1.4 వంతులంటే లీటరు ఆవిరి. దానికి ఒక చిన్న చెంచాడు ద్రవం చాలు. అతుకుల సందులో, తుప్పు పొరలలో చెంచాడు పెట్రోలు మిగలకుండా ఏ ట్యాంకునూ ఎవరూ ఒంపలేరు. పాత ట్యాంకుకు వెల్డింగు చేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. పాతదానికి చిల్లు పడితే పారవేయాలి గాని ఇంటిలో అతకరాదు.

ఆవిరి గాలికంటె మూడు, నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద నీరు పారినట్లు పారుతుంది. పెట్రోలు ద్రవం సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది గనుక మిన్నెసోటా చలి సైతం రక్షణ కాదు. ఇళ్ళ గరాజులలో గ్యాసుతో నడిచే వాటర్ హీటరు ఉంటుంది, దాని అడుగున చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. దానిని నేలకు 18 అంగుళాల ఎత్తున పెట్టాలని చాలాచోట్ల గృహనిర్మాణ నియమం ఉన్నది. ఆ నియమం పుట్టినది ఈ పారే ఆవిరి వల్లనే. సీటు వెనుక ట్యాంకును తీసే పని గరాజులో కాక ఆరుబయట, బ్యాటరీ రుణ తీగ విప్పిన తరువాత, చేతి పంపుతో పెట్రోలును ఆమోదిత డబ్బాలలోకి తోడి చేయాలి. నోటితో గొట్టం పీల్చే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. ఊపిరితిత్తులలోకి పోయిన ఒక్క గుక్క పెట్రోలు ఆసుపత్రి పాలు చేయగలదు. డబ్బాలను ట్రక్కు పెట్టెలో ప్లాస్టిక్ పరుపు మీద ఉంచి నింపరాదు, నేల మీద పెట్టాలి. ప్లాస్టిక్ మీద నిలిచిన స్థిర విద్యుత్తు పోయే దారి లేక రవ్వగా దూకుతుంది. తీసిన తరువాత క్యాబ్‌కు మిగిలే రంధ్రాలను, మూత చోటును, గొట్టం చోటును రేకుతో మూసి సీలు చేయాలి. లేకపోతే వెనుక నుండి పొగగొట్టపు కార్బన్ మోనాక్సైడ్ వాటి గుండానే లోపలికి వస్తుంది. దానికి పెట్రోలు వలె హెచ్చరించే వాసన కూడా లేదు.

చివరి ముడి ముల్లు దగ్గర ఉన్నది. ట్యాంకులో తేలే బంతి ఒక విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది, డాష్‌బోర్డులోని ముల్లు దానిని చదువుతుంది. ఈ కాలపు షెవ్రొలేలో ఖాళీ అంటే సున్నా ఓములు, నిండు అంటే 90. అదే కాలపు ఫోర్డులో ఖాళీ అంటే 73, నిండు అంటే సుమారు 10. మస్టాంగ్ ట్యాంకును దాని పరికరంతో సహా తెచ్చి సి-10లో బిగిస్తే ముల్లు తలక్రిందులుగా చెబుతుంది. పెట్రోలు పోయించిన వెంటనే అయిపోయిందంటుంది, అయిపోతున్నకొద్దీ నిండుతున్నదంటుంది. అక్షయపాత్ర దొరికిందని మురిసిపోయే వేళకు బండి ఫ్రీవే మధ్యలో ఆగుతుంది. ముల్లుకు తగిన నిరోధం గల పరికరాన్ని వేరుగా కొనాలి, దానికి చట్రంతో ఎర్తు తీగ కలపాలి. రబ్బరు మీద కూర్చున్న ట్యాంకుకు తనంతట తాను ఎర్తు అందదు.

అన్నీ బిగించాక ఒకేసారి నింపకుండా మొదట ఐదు గాలన్లు పోసి, ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూసి, ఒక రాత్రి ఆరుబయట వదిలివేయాలి. తెల్లవారి కింద పరచిన అట్టముక్క మీద మచ్చ లేకపోతే, ఒక్కొక్క గాలను పోస్తూ ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో కాగితం మీద గుర్తు పెట్టుకోవచ్చు. ఆ కాగితాన్ని గ్లవ్ బాక్సులో ఉంచుకుంటే తరువాత బండి నడిపే తండ్రికీ ఉపయోగపడుతుంది.